విమానంలో చేపల వేటకు వెళ్తున్నారా? గాలం సామాను ఇలా సర్దుకోండి

జంతువుల వేట, పిట్టల వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మన గోదావరి జిల్లాల కుర్రాళ్లకు మిగిలింది గాలం వేట, అందులో ఉన్న మజా చాలు. యానాం, అంతర్వేది వైపు పండుగప్పల మీద చెయ్యి తిరిగినవాళ్లు ఇప్పుడు పెద్ద ట్రెవల్లీల (బలంగా లాగే సముద్రపు చేపలు) కోసం అండమాన్ దాకా వెళ్తున్నారు. బైకుకి గాలం రాడ్డు కట్టుకుని ఏటిగట్టు మీద పోవడం వేరు, రాజమండ్రి దగ్గర మధురపూడిలో విమానమెక్కి, దారిలో ఇంకోటి మారి, ఇప్పుడు శ్రీ విజయపురమని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌లో దిగడం వేరు. రాడ్డు చివర విరిగిందంటే అక్కడ దొరకదు.

ముందు రాడ్డు కొలవండి, తర్వాతే బ్యాగు

రాడ్డు విప్పి అన్నిటికన్నా పొడవైన ముక్కని టేపుతో కొలవండి. నాలుగు ముక్కల ట్రావెల్ రాడ్డయితే మామూలు బ్యాగులోనే బట్టల మధ్య పడుతుంది. కొత్తగా కొనేవాళ్లకి నేను చెప్పేది అదే. రెండు ముక్కల ఎనిమిదడుగుల రాడ్డుకి మాత్రం విడిగా గొట్టం కావాలి. చెకిన్ లగేజీకి పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదన్నది సాధారణంగా ఉండే నియమం. నాలుగడుగుల ముక్కలు పట్టే సన్న గొట్టం ఈ లెక్కలో సరిపోతుంది. ఒకే ముక్కగా ఉండే పొడవు రాడ్డుని ఇంటి దగ్గరే ఉంచండి. కొన్ని విమాన సంస్థలు రాడ్డు గొట్టాన్ని ఆట సామాను కింద లెక్కగట్టి విడిగా డబ్బు తీసుకుంటాయి. టికెట్ తీసేముందే కనుక్కోవాలి.

గొట్టం మీరే చేసుకోండి

అమలాపురం, భీమవరం, ఏ ఊరైనా సరే, పైపుల కొట్టుకి వెళ్లి డ్రైనేజీకి వాడే పలచటి మూడంగుళాల పీవీసీ పైపు అడగండి. బోరు కేసింగు పైపు గట్టిదే గానీ, ఆ బరువు చెకిన్‌కి ఇచ్చే పదిహేను కిలోల్లోంచే పోతుంది. రాడ్డు ముక్క కన్నా నాలుగు వేళ్లు ఎక్కువ ఉంచి హాక్సా బ్లేడుతో కోయండి. కోసిన అంచుని గరుకు కాగితంతో బాగా రుద్దాలి, లేకపోతే రాడ్డు రింగులకి కట్టిన దారాన్ని అది గీరేస్తుంది. ఒక కొసకి మూతపెట్టి సొల్యూషన్‌తో అంటించండి, రెండో కొసకి మర మూత పెట్టండి. సెక్యూరిటీవాళ్లు తెరిచి చూస్తామంటే చేత్తో తిప్పితే ఊడాలి. టేపులు చుట్టేస్తే వాళ్లు కోసేస్తారు, తిరిగి అంటించే తీరిక వాళ్లకుండదు.

రెండు కొసల్లోనూ స్పాంజి కుక్కండి. రాడ్డు ముక్కల్ని ఎదురుబొదురుగా, ఒకదాని సన్న కొస పక్కన రెండోదాని లావు కొస వచ్చేలా పెట్టి, మూడు చోట్ల గుడ్డ పీలికతో కట్టండి. గొట్టం ఊపి చూడండి. లోపల గలగలమంటే ఇంకా గుడ్డ పెట్టాలి. పైన పేరు, ఫోన్ నంబరు చెరిగిపోని ఇంకుతో రాయండి.

మిగతా సామానుకి

చక్రాల ట్రాలీ వద్దనే నా సలహా. జెట్టీ మెట్ల మీద, ఇసుకలో, పడవ అంచు దాటేటప్పుడు ఆ చక్రాలు పనికిరావు. సఖినేటిపల్లి రేవులో ట్రాలీ మోస్తూ పంటు ఎక్కినవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. నీళ్లు దిగని మెత్తటి డఫెల్ బ్యాగు, భుజాలకి తగిలించుకునేది తీసుకోండి.

బరువు దగ్గరే అందరూ తడబడతారు. దేశీయ విమానాల్లో చాలావరకు చెకిన్‌కి 15 కిలోలు, చేతి సంచికి 7 కిలోలు. ట్రెవల్లీలకు వాడే పాపర్లు (నీటి మీద చప్పుడు చేస్తూ కదిలే బొమ్మ ఎరలు) ఒక్కోటి వంద గ్రాములు దాటుతాయి, పెద్ద రీలు అరకిలో పైమాటే. పాపర్లు పది చాలు, ఇరవై అక్కర్లేదు. ఇంటి దగ్గరే స్ప్రింగు కాటాకి తగిలించి తూచుకోండి.

రీళ్లు ఖరీదైనవి కాబట్టి చేతి సంచిలో పెట్టుకోవాలనిపిస్తుంది. దారం చుట్టి ఉన్న రీలుకి కొన్నిచోట్ల అభ్యంతరం చెబుతారు, అందుకే స్పూలు (దారం చుట్టి ఉండే భాగం) విప్పి చెకిన్‌లో వేసి, రీలు ఒక్కటే చేతిలో ఉంచుకోవడం మేలు. ఇద్దరు స్నేహితులు కలిసి వెళ్తుంటే ఒకరి సామాను సగం రెండోవాళ్ల బ్యాగులో వేయండి. ఒక బ్యాగు రాకపోయినా ఇద్దరూ వేటాడొచ్చు.

ఏవి ఎక్కడ

కొక్కేలు, కత్తి, పట్టకారు చెకిన్‌లోనే. పాపర్ల నుంచి మూడు ముళ్ల కొక్కేలు ఊడదీసి మూత గట్టిగా పట్టే డబ్బాలో వేస్తే, బ్యాగు తనిఖీ చేసేవాళ్ల వేళ్లకీ క్షేమం. వేటకి వేసుకునే చొక్కా జేబులు తిరగేసి దులపండి, పాత కొక్కెం ఒకటైనా దొరుకుతుంది. పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు దీనికి పూర్తిగా వ్యతిరేకం, అవి చేతి సంచిలోనే ఉండాలి. లైటరు, అగ్గిపెట్టె, గ్యాసు డబ్బా ఎక్కడా వద్దు. కోనసీమవాళ్లకి ఒక మాట: ఎండుకొబ్బరి చెకిన్‌లో ఒప్పుకోరు, అందులో నూనె వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. ఆవకాయ సీసా చేతి సంచిలో కాకుండా చెకిన్‌లో, రెండు కవర్లలో కట్టి పెట్టండి.

తిరుగు ప్రయాణానికి

ఉప్పునీళ్లు తగిలిన రీలుని మంచినీళ్లతో కడిగి, డ్రాగ్ (చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుగా వదలాలో చూసే బిగింపు) వదులు చేసి, రాత్రంతా ఫ్యాను కింద ఆరనివ్వండి. తడి బూట్లు, తడి బట్టలు బరువు పెంచుతాయి, పక్కన ఉన్న కొక్కేలకి తుప్పు పట్టిస్తాయి. వాటికోసం మందపాటి పాలిథిన్ సంచి ఒకటి ఇక్కడినుంచే మడిచి తీసుకెళ్లండి.