లినక్స్ కెర్నెల్ టైమర్ డ్రైవర్లు - 5వ పాఠం: లాక్ పట్టుకుని పవర్ జోలికి పోకండి

పోయిన పాఠంలో టైమర్ రిజిస్టర్లను రా స్పిన్‌లాక్‌తో (ఎప్పుడూ నిద్రపోకుండా, తిరుగుతూ ఎదురుచూసే లాక్) కాపాడమన్నాను. పెట్టినవాళ్లలో చాలామందికి లాగ్‌లో 'ఇన్వాలిడ్ వెయిట్ కాంటెక్స్ట్' (నిద్రపోకూడని చోట నిద్రపోగల లాక్ తీసుకున్నారు) అనే హెచ్చరిక వచ్చింది. చిత్తూరు నుంచి ఒక తమ్ముడు, లాక్‌ల వాడకంలో తప్పులు పట్టి ఆ హెచ్చరిక ఇచ్చే లాక్‌డెప్‌నే ఆపేసి, "ఇప్పుడు బాగా నడుస్తోంది సార్" అని రాశాడు. పుత్తూరు అమ్మాయి 'రా' తీసేసి మామూలు స్పిన్‌లాక్ పెట్టింది. రెండూ తప్పే. అందుకే హెచ్ఆర్‌టైమర్ (హై రిజల్యూషన్ టైమర్) పాఠం వాయిదా వేసి, ఈసారి ఇదొక్కటే చెబుతాను. మాడ్యూల్ బిల్డ్ చేయడం, లాగ్ చదవడం మళ్లీ చెప్పను.

మీ స్టార్ట్ ఫంక్షన్ చూడండి. రా స్పిన్‌లాక్ తీసుకున్నారు, లోపల రన్‌టైమ్ పీఎం (వాడనప్పుడు డివైస్‌కు పవర్ ఆపే వ్యవస్థ) వాళ్ల 'గెట్ సింక్' పిలిచారు, అది డివైస్ వినియోగ లెక్కను ఒకటి పెంచి దాన్ని మేల్కొలుపుతుంది, క్లాక్ ఎనేబుల్ చేశారు, ఆ తర్వాత రిజిస్టర్ రాశారు. వాడేముందే కరెంటు ఇవ్వాలన్న ఆలోచన మంచిదే. కానీ రన్‌టైమ్ పీఎం లోపల డివైస్ పవర్ లాక్ ఉంది, క్లాక్ ఫ్రేమ్‌వర్క్‌కు ఎనేబుల్ లాక్ ఉంది. రెండూ మామూలు స్పిన్‌లాక్‌లు. సాధారణ కెర్నెల్‌లో మామూలుదీ, రా కూడా ఒకేలా తిరుగుతూ ఎదురుచూస్తాయి కాబట్టి ఏమీ పగలదు. ప్రీఎంప్ట్ ఆర్‌టీలో (రియల్ టైమ్ పనులకు వాడే కెర్నెల్ కాన్ఫిగరేషన్) మామూలు స్పిన్‌లాక్ నిద్రపోయే లాక్‌గా మారుతుంది. తిరుపతి విష్ణునివాసంలో దర్శనం టోకెన్ తీసుకుని గదికెళ్లి పడుకోవడం లాంటిది అది. రా లాక్ అంటే క్యూలైన్‌లోనే నిలబడి ఉండడం. క్యూలో నిలబడ్డవాడు మధ్యలో పడుకుంటే వెనకవాళ్లందరూ ఆగిపోతారు.

2024 నవంబరులో వచ్చిన 6.12 నుంచి ప్రీఎంప్ట్ ఆర్‌టీ ప్రధాన కెర్నెల్‌లోనే ఉంది. మీ డ్రైవర్‌ను రేపు ఎవరు ఏ కాన్ఫిగరేషన్‌లో బిల్డ్ చేస్తారో మీ చేతుల్లో లేదు. బోర్డు ఆగిపోకముందే లాక్‌డెప్ చెబుతోంది. దాని నోరు మూయించకండి.

"లాక్ వదిలి, పవర్ ఇచ్చి, మళ్లీ లాక్ తీసుకుంటే?" అని చాలామంది అడిగారు. కుదరదు. తర్వాతి ఇంటరప్ట్ ఎప్పుడు కావాలో చెప్పడానికి కెర్నెల్ పిలిచే 'సెట్ నెక్స్ట్ ఈవెంట్' మీ దగ్గరికి వచ్చేసరికే ఇంటరప్ట్‌లు ఆపి ఉంటాయి. హెచ్ఆర్‌టైమర్ దారిలో వస్తే ఆ సీపీయూ బేస్ లాక్ కూడా పట్టుకునే ఉంటుంది, అదీ రా లాకే. మీది వదిలినా, మిమ్మల్ని పిలిచినవాళ్లది అలాగే ఉంది. పుత్తూరు అమ్మాయి మార్పు పనికిరానిది కూడా ఇందుకే.

ఇక నాకు బాగా విసుగు తెప్పించే సంగతి, 'పీఎం రన్‌టైమ్ ఐఆర్‌క్యూ సేఫ్'. పేరులో సేఫ్ ఉందని అందరూ దాన్నే తెచ్చి అతికిస్తున్నారు. అది చేసేది ఇంతే: మీ సస్పెండ్, రెజ్యూమ్ ఫంక్షన్లను ఇంటరప్ట్‌లు ఆపి ఉండగానే నడపనిస్తుంది. పవర్ లాక్ మామూలు స్పిన్‌లాక్‌గానే ఉంటుంది, కాబట్టి మీ హెచ్చరిక పోదు. పైగా పేరెంట్ డివైస్ వినియోగ లెక్కను ఒకటి పెంచి పట్టుకుంటుంది కాబట్టి, ఆ పేరెంట్ ఇక నిద్రపోదు. చిన్న టైమర్ కోసం పైనున్న బస్ మొత్తాన్ని మెలకువగా ఉంచినట్టవుతుంది. లాక్ సమస్య తీరదు, కరెంటు ఖర్చు పెరుగుతుంది. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీల్లో ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోండి. బ్యాటరీ బోర్డు మీద పని చేసే టీమ్ మీ కోడ్‌లో ఆ లైన్ చూస్తే, ఎందుకు పెట్టారని అడిగి తీరుతుంది.

సరైన దారి సాదాగా ఉంటుంది. క్లాక్ ఈవెంట్‌గా (చెప్పిన సమయానికి ఇంటరప్ట్ ఇచ్చేదిగా) వాడే టైమర్‌కు ప్రోబ్‌లోనే (డివైస్ దొరకగానే నడిచే మీ డ్రైవర్ ఫంక్షన్) పవర్ ఇచ్చి, క్లాక్ ప్రిపేర్, ఎనేబుల్ రెండూ చేసి, అలాగే వదిలేయండి. స్టార్ట్, స్టాప్‌లలో రిజిస్టర్లు మాత్రమే తాకండి. రెనెసాస్ చిప్‌లలోని సీఎంటీ టైమర్ డ్రైవర్‌కూ ఇదే చిక్కు వచ్చింది, దానికి దొరికిన పరిష్కారమూ ఇదే. కొంచెం కరెంటు ఎక్కువ పోతుంది, నిజమే. టిక్ ఇచ్చే టైమర్‌కు అది న్యాయమైన ఖర్చే.

ప్రోబ్‌లో నేను 'గెట్ సింక్' వాడను, 'రెజ్యూమ్ అండ్ గెట్' వాడతాను. గెట్ సింక్ విఫలమైనా లెక్క పెరిగే ఉంటుంది, దాన్ని తగ్గించడం అందరూ మర్చిపోతారు. క్లాక్ ఈవెంట్ రిజిస్టర్ చేయడం అన్నిటికంటే చివర పెట్టండి. రిజిస్టర్ అవుతుండగానే ఫ్రేమ్‌వర్క్ మీ ఫంక్షన్లను పిలవొచ్చు, అప్పటికే పవర్ ఉండాలి.

అదే హార్డ్‌వేర్‌ను పీడబ్ల్యూఎంకు (పల్స్ వెడల్పు మార్చి లైటు, మోటారు లాంటివి నియంత్రించడం) వాడుతుంటే ఇదంతా వర్తించదు. అక్కడ సెట్టింగ్‌లు పెట్టే మామూలు 'అప్లై' ఫంక్షన్ నిద్రపోవచ్చు, మ్యూటెక్స్ (నిద్రపోతూ ఎదురుచూసే లాక్) పెట్టుకుని రన్‌టైమ్ పీఎం హాయిగా వాడండి.

అభ్యాసం: రా స్పిన్‌లాక్ పట్టుకుని లోపల మామూలు స్పిన్‌లాక్ తీసుకునే చిన్న మాడ్యూల్ రాయండి. దీనికి బోర్డు అక్కర్లేదు, క్యూఈఎంయూ (కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రామ్) చాలు. కెర్నెల్ కాన్ఫిగరేషన్‌లో 'ప్రూవ్ లాకింగ్' ఆన్ చేయండి, పాత కెర్నెల్ అయితే 'ప్రూవ్ రా లాక్ నెస్టింగ్' కూడా. హెచ్చరిక వచ్చాక, డ్రైవర్లలో క్లాక్‌సోర్స్ ఫోల్డర్ నుంచి మీకు నచ్చిన ఫైల్ తీసుకుని, దాని 'సెట్ నెక్స్ట్ ఈవెంట్' నుంచి చేరే ప్రతి ఫంక్షన్‌నూ, అది తీసుకునే లాక్ రకాన్నీ కాగితం మీద రాయండి. ఒక సాయంత్రంలో అయ్యే పని కాదు. ఆ కాగితం ఫోటో పంపినవాళ్ల కోడ్‌నే వచ్చే పాఠంలో, సిస్టమ్ మొత్తం సస్పెండ్ అయ్యే దారిలో, నేను చూస్తాను.