పాత వోక్స్‌వ్యాగన్ వ్యాన్‌ను కిందికి దించాలంటే: జర్మనీలో అనుమతి, హెచ్ ప్లేట్ దరఖాస్తు విధానం

జర్మనీలో ఉంటూ పాత వోక్స్‌వ్యాగన్ వ్యాన్ కొని, దాన్ని రోడ్డుకు దగ్గరగా దించి నడపాలనుకుంటే ముందు పార్టులు ఆర్డర్ చేయకండి, కాగితాలు చూడండి. అక్కడి వాహన నియమావళి 19వ సెక్షన్ ప్రకారం, ప్రమాదానికి కారణం కాగల మార్పు చేస్తే బండికి ఉన్న ఆమోదం రద్దవుతుంది. సస్పెన్షన్ మార్పు కూడా అలాంటిదే. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి పనికి దాదాపు తావే ఇవ్వదు. అనుమతి లేకుండా చేసిన ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. జర్మనీలో చేసుకోవచ్చు, కాకపోతే ఇంజనీరు చూసి సంతకం పెట్టాలి.

పార్టుతో పాటు ఏ కాగితం వస్తుందన్నదాన్ని బట్టి దారి మారుతుంది. తయారీదారు ఇచ్చే పరీక్షా నివేదిక, అంటే టైలెగుట్‌అఖ్టెన్ ఉండి, అందులో మీ మోడల్ పేరుంటే పని తేలిక. బిగించిన వెంటనే టూఫ్, డెక్రా లాంటి వాహన తనిఖీ సంస్థ దగ్గర మార్పు తనిఖీ చేయించుకుంటే చాలు. ఆ కాగితం లేకపోతే 21వ సెక్షన్ కింద బండికి విడిగా పూర్తి పరీక్ష జరగాలి. దానికి ఖర్చూ ఎక్కువే, టెన్షనూ ఎక్కువే.

1979 నుంచి వచ్చిన టీ3 వ్యాన్‌కు నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులే కాబట్టి, నివేదికతో వచ్చే పొట్టి స్ప్రింగులతో పని అయిపోతుంది. అంతకుముందు 1967–79 మధ్య హానోవర్‌లో తయారైన టీ2 సంగతి వేరు. అందులో కాయిల్ స్ప్రింగులే ఉండవు, టార్షన్ బార్లు, అంటే మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు ఉంటాయి. వెనక భాగం దించడానికి కొత్త పార్టేమీ అక్కర్లేదు. టార్షన్ బార్‌కు పళ్లున్న చివరను బయటికి లాగి, ఒకటి రెండు పళ్లు తిప్పి మళ్లీ కూర్చోబెడతారు. చేతిలో పార్టు లేదు కాబట్టి దానికి నివేదికా ఉండదు, అందుకే విడి పరీక్ష తప్పదు. ముందు వైపు రెండు గొట్టాల యాక్సిల్‌ను కోసి ఎత్తు మార్చుకునే అడ్జస్టర్ వెల్డింగ్ చేస్తామని చెప్పే షెడ్లున్నాయి. బరువు మోసే భాగం మీద వెల్డింగ్ కనిపిస్తే ఇంజనీరు మొహం మారిపోతుంది. నివేదికతో అమ్మే రెడీమేడ్ యాక్సిల్ ఖరీదైనా అదే కొనమంటాను. ఏది చేసినా, డబ్బు కట్టే ముందే ఫొటోలు, పార్టు కాగితాలు పట్టుకెళ్లి పరీక్ష చేసే ఇంజనీరుతోనే ఒకసారి మాట్లాడండి.

పరీక్ష రోజున స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, చక్రాలను ఎగుడుదిగుడుగా ఎక్కించి, టైరు ఎక్కడైనా బాడీకి రాసుకుంటుందా అని చూస్తారు. హెడ్‌లైట్ వెలుగు సరిచేసి ఉండాలి. నంబర్ ప్లేట్ కింది అంచు నేల నుంచి ముందు 200, వెనక 300 మిల్లీమీటర్ల కంటే కిందికి రాకూడదు. చాలామంది తడబడేది టైర్ల దగ్గర. అందం కోసం సన్నటి కారు టైర్లు వేస్తారు, అవి వ్యాన్ బరువుకు సరిపోవు. టైరు పక్కన రాసి ఉన్న లోడ్ నంబర్‌ను యాక్సిల్ బరువుతో పోల్చి చూసుకునే వెళ్లండి.

ఇక హెచ్ ప్లేట్, అంటే పాత బండ్లకిచ్చే ప్రత్యేక నంబర్. 1997 నుంచి ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 30 ఏళ్లు నిండాలి, బండి మంచి స్థితిలో ఉండాలి, 23వ సెక్షన్ కింద వేరే నివేదిక తీసుకోవాలి. దించిన బండికి ఇవ్వరని కొందరంటారు, అది నిజం కాదు. ఆ మార్పు బండి పుట్టిన మొదటి పదేళ్లలో జరగడానికి వీలున్నదైతే ఒప్పుకుంటారు. 1975 టీ2 అయితే 1985 లోపు దొరికిన పద్ధతి అని చూపించాలి. అప్పటి పార్టుల కేటలాగు, పత్రిక ప్రకటన, పాత ఫొటో, ఏదైనా పనికొస్తుంది. 18 అంగుళాల కొత్త అల్లాయ్ చక్రాలతో వెళ్తే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే. మార్పు తనిఖీ, హెచ్ నివేదిక ఒకే రోజు పెట్టుకుంటే రెండోసారి తిరిగే పని ఉండదు.

చివరి మెట్టు మీ జిల్లా రిజిస్ట్రేషన్ ఆఫీసు. చాలా ఊళ్లలో ముందే ఆన్‌లైన్‌లో టైమ్ తీసుకోవాలి. ఆర్‌సీ రెండు భాగాలూ, మార్పు తనిఖీ, హెచ్ నివేదికలు రెండూ, గడువున్న ఫిట్‌నెస్ రిపోర్టు, ఇన్సూరెన్స్ ఉందని చూపడానికి కంపెనీ ఇచ్చే ఏడక్షరాల ఈవీబీ కోడ్, బ్యాంకు నుంచి పన్ను లాక్కోవడానికి అనుమతి పత్రం పట్టుకెళ్లండి. పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు చిరునామా నమోదు పత్రం కూడా జత చేయాలి. అది లేకపోతే కౌంటర్ నుంచే వెనక్కి పంపుతారు. హెచ్‌తో కలిపి నంబర్‌లో అక్షరాలు, అంకెలు మొత్తం ఎనిమిది దాటకూడదు, కాబట్టి పొడుగాటి ఫ్యాన్సీ నంబర్ మీద ఆశ పెట్టుకోకండి.

21వ సెక్షన్ పరీక్ష అయిన బండిని ఈ ఆఫీసులో నమోదు అయ్యేదాకా షికార్లకు తీయకూడదు. అనుమతి పని మీద వెళ్లిరావడం వరకే. హెచ్ ప్లేట్ వచ్చాక పన్ను ఏడాదికి 191 యూరోలు, ఇంజన్ ఎంత పెద్దదైనా అంతే. క్యాటలిస్ట్ (పొగను శుద్ధి చేసే భాగం) లేని 1.6 లీటర్ డీజిల్ టీ3 కారుగా నమోదై ఉంటే మామూలు పన్ను 600 యూరోలు దాటుతుంది. కాలుష్యం తక్కువున్న బండ్లనే రానిచ్చే నగరాల పర్యావరణ జోన్లలోకి కూడా హెచ్ ప్లేట్ బండి స్టిక్కర్ లేకుండా వెళ్లొచ్చు. పన్ను నోటీసు మాత్రం రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి కాదు, కస్టమ్స్ శాఖ నుంచి పోస్టులో వస్తుంది.