కాంట్రా ఇద్దరు ఆడాలంటే
పర్లాకిమిడిలో సెలవులకి మా బావా నేనూ పోటీపడి ఆడిన వీడియో గేముల్లో నాకు కాంట్రాయే ఇష్టం. మారియోలో ఒకడు చచ్చేదాకా రెండోవాడు కాచుకోవాలి. ఇందులో ఇద్దరూ ఒకేసారి దిగొచ్చు.

టైటిల్ రాగానే పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ నొక్కండి. తర్వాత సెలెక్ట్, స్టార్ట్. చెరో 30 ప్రాణాలు! (ఈ కోడ్ మొదట 1986లో గ్రేడియస్ అనే గేమ్‌లో వచ్చింది.)

ఎగురుతూ వచ్చే డబ్బాని కొట్టి, ఎస్ అక్షరం పడితే పట్టుకోండి. తూటాలు విసనకర్రలా విచ్చుకుంటాయి. చస్తే ఆ తుపాకీ పోతుంది కాబట్టి బాగా ఆడేవాళ్లే తీసుకోవాలి. అది తనేనని బావ వాదన.

అసలు గొడవ మూడో స్టేజి జలపాతం దగ్గర. ఒకడు తొందరపడి ఎక్కితే తెర పైకి జరిగి, కిందివాడు చస్తాడు. "ఆగు బావా!" అని అరుస్తూనే ఎక్కండి. సేవ్ ఉండదు, కరెంటు పోతే మళ్లీ మొదటినుంచే.