కాంపౌండ్ విల్లుకు సరైన క్యామ్, మాడ్యూల్ ఎంచుకోవడం ఎలా?

చక్రాలు లేని రికర్వ్ విల్లును ఎంత దూరమైనా లాగి ఆపవచ్చు కానీ, కాంపౌండ్ విల్లు అలా ఒప్పుకోదు. దాని కొనన ఉండే క్యామ్ (చక్రం లాంటి భాగం) తిరగవలసినంత తిరిగాక స్ట్రింగ్ గోడను తాకినట్టు ఆగిపోతుంది. ఆ ఆగే చోటు విలుకాడి శరీరానికి అరంగుళం అటూ ఇటూ అయినా గురిలో తేడా తెలిసిపోతుంది. డ్రా లెంగ్త్, అంటే స్ట్రింగ్‌ను వెనక్కి లాగే దూరం, ఎక్కువైతే విల్లు పట్టిన భుజం పైకి లేస్తుంది, స్ట్రింగ్ ముంజేతిని రాసుకుంటుంది. తక్కువైతే మోచేయి బయటికి పోయి, వీపు కండరాలు చేయవలసిన పని చేతి మీద పడుతుంది. మన విలుకాళ్లు పోటీల్లో వాడే కాంపౌండ్ విల్లులు ఎక్కువగా అమెరికాలో తయారై వచ్చేవి కాబట్టి, తప్పు భాగం తెప్పించుకుంటే డబ్బుతో పాటు సాధన చేయవలసిన వారాలు కూడా పోతాయి.

మొదట కొలత తీసుకోవాలి. గోడకు వీపు ఆనించి, చేతులను బిగదీయకుండా చాచి, ఒక నడిమి వేలి కొన నుంచి మరో నడిమి వేలి కొన వరకు కొలిచి 2.5తో భాగించాలి. 165 సెం.మీ. వస్తే డ్రా లెంగ్త్ 66 సెం.మీ., అంటే సుమారు 26 అంగుళాలు. ఇది అంచనా మాత్రమే. అసలు కొలతను విల్లును పూర్తిగా లాగి తీసుకోవాలి: స్ట్రింగ్‌పై బాణపు నాక్ (తోక చివరి గాడి) కూర్చునే బిందువు నుంచి గ్రిప్‌లోని అతి లోతైన చోటు వరకు ఉన్న దూరానికి 1.75 అంగుళాలు కలిపితే తయారీ సంస్థలు చెప్పే డ్రా లెంగ్త్ వస్తుంది. పొడవైన బాణాన్ని ఎక్కించి లాగినప్పుడు పక్కనున్నవారు గ్రిప్ దగ్గర దానిపై గీత పెడితే పని తేలిక. డి-లూప్ (స్ట్రింగ్‌కు కట్టే చిన్న తాడు ఉచ్చు) ఈ లెక్కలోకి రాదు కానీ, లూప్ పొడవు, రిలీజ్ (స్ట్రింగ్‌ను పట్టి వదిలే పరికరం) పొడవు మారితే చేయి దవడ దగ్గర ఆగే చోటు మారుతుంది. అందుకే ఆ రెండింటినీ ముందుగా స్థిరపరచుకోవాలి. క్యామ్ సరిపోలేదని అనుకునే సందర్భాల్లో పొడవైన రిలీజే అసలు కారణం కావడం అరుదేమీ కాదు.

ఆ తర్వాత విల్లుపై ఉన్న క్యామ్ ఏ రకమో తేల్చుకోవాలి. కొన్నింటిలో డ్రా లెంగ్త్ క్యామ్‌లోనే స్థిరంగా ఉంటుంది. మార్చాలంటే క్యామ్‌నే మార్చాలి. కొన్నింటికి ఒక్కో అరంగుళానికి ఒక్కో మాడ్యూల్ (క్యామ్‌కు బిగించే చిన్న భాగం) విడిగా దొరుకుతుంది. ఇంకొన్నింటిలో మాడ్యూల్ తిరుగుతుంది: మరలు వదులు చేసి, దాన్ని కావలసిన అక్షరం లేదా అంకె దగ్గరికి జరిపి బిగిస్తే చాలు, కొత్తగా కొనవలసింది ఏమీ ఉండదు. రెండు క్యామ్‌లకూ మాడ్యూల్ ఉన్నప్పుడు రెంటినీ ఒకే స్థానంలో ఉంచడం మరవకూడదు.

మాడ్యూల్ విల్లుకు కాదు, క్యామ్‌కు చెందినది. హోయిట్ వంటి సంస్థలు ఒకే విల్లుకు వేర్వేరు పరిమాణాల మూల క్యామ్‌లు ఇస్తాయి. ఒక క్యామ్‌కు సరిపోయే మాడ్యూల్ మరోదానికి సరిపోదు. మాథ్యూస్ సంస్థ స్విచ్‌వెయిట్ మాడ్యూళ్లలో డ్రా లెంగ్త్‌తో పాటు గరిష్ఠ బరువు (విల్లును లాగడానికి కావలసిన అత్యధిక బలం) కూడా మాడ్యూలే నిర్ణయిస్తుంది కాబట్టి, ఆర్డరులో రెండూ చెప్పాలి. విల్లులో వంగే భాగమైన లింబ్‌పై ఉన్న స్టిక్కర్‌లో బరువు, డ్రా లెంగ్త్, స్ట్రింగ్, కేబుల్ (క్యామ్‌లను కలిపే తాడు) పొడవులు ఉంటాయి. అయితే వాడిన విల్లు విషయంలో పాత యజమాని క్యామ్ మార్చి ఉండవచ్చు కాబట్టి స్టిక్కర్‌ను నమ్మి ఊరుకోకూడదు. క్యామ్‌పై, పాత మాడ్యూల్‌పై చెక్కిన అంకెలు, అక్షరాలు దగ్గరగా ఫోటో తీసి, మోడల్, తయారైన సంవత్సరం, సీరియల్ నంబరు, కుడిచేతిదా ఎడమచేతిదా అన్న వివరంతో అమ్మేవారికి పంపాలి.

మూల క్యామ్ పరిమాణమే మారితే స్ట్రింగ్, కేబుల్ పొడవులు కూడా మారవచ్చు. ఆ ఖర్చు కూడా కలిపి చూసుకున్నాక, విల్లునే మార్చుకోవడం మేలనిపించే సందర్భాలు ఉంటాయి. కావలసిన తేడా పావు అంగుళం లోపే అయితే మాడ్యూల్ కొనకుండా స్ట్రింగ్‌కు మెలికలు చేర్చి లేదా తీసి సరిచేయవచ్చు. మెలికలు పెరిగితే డ్రా లెంగ్త్ కొంచెం తగ్గుతుంది.

క్యామ్ మార్చడానికి బో ప్రెస్ (లింబ్‌లను నొక్కి పట్టి స్ట్రింగ్‌ను వదులు చేసే యంత్రం) తప్పనిసరి. మాడ్యూల్‌కు ప్రెస్ అవసరమో కాదో ఆ విల్లు మాన్యువల్‌లో చూడాలి. కొత్త మాడ్యూల్ అమర్చాక దాని గాడి, క్యామ్ గాడి కలిసే చోట గోరు ఆనించి జరిపి చూడాలి. గోరు అంచుకు తగిలి ఆగితే కేబుల్ అక్కడే అరుగుతుంది. భాగం తప్పయినా, సరిగా కూర్చోకపోయినా అలా జరుగుతుంది. డ్రా స్టాప్‌ను (లాగుడును ఆపే భాగాన్ని) కూడా కొత్త స్థానానికి మార్చి, రెండు స్టాప్‌లు ఉంటే అవి ఒకేసారి తాకుతున్నాయో లేదో పరీక్షించాలి. పరీక్ష కోసమైనా బాణం లేకుండా లాగి వదలకూడదు. ఆ దెబ్బకు లింబ్‌లు చీలవచ్చు, క్యామ్‌లు వంగవచ్చు.

డ్రా లెంగ్త్ మారితే గరిష్ఠ బరువు కూడా కొన్ని పౌండ్లు మారవచ్చు కనుక త్రాసుతో మళ్లీ తూచాలి. అంతర్జాతీయ విలువిద్య సమాఖ్య అయిన వరల్డ్ ఆర్చరీ పోటీల్లో ఇది 60 పౌండ్లకు మించకూడదు. పీప్ (స్ట్రింగ్‌లో చూపు కోసం అమర్చే రంధ్రం) ఎత్తు, సైట్ (గురి చూసే పరికరం) గుర్తులు మళ్లీ సరిచేసుకోవాలి. డ్రా లెంగ్త్ పెంచినవారు పాత బాణాలను వాడే ముందు ఒకదాన్ని ఎక్కించి, లక్ష్యం వైపు నెమ్మదిగా లాగుతూ, మొన రెస్ట్‌కు (బాణం ఆనుకునే ఆధారానికి) ఎంత ముందుందో మరొకరిచేత చూపించుకోవాలి. మొన రెస్ట్ వెనక్కి జారే పరిస్థితి ఉంటే బాణాన్ని వదలకుండా స్ట్రింగ్‌ను మెల్లగా ముందుకు తెచ్చి, ఆ బాణాలను పక్కన పెట్టేయాలి, ఎందుకంటే అలా జారిన బాణం విల్లు పట్టిన చేతిలోనే దిగవచ్చు.