నర్సింగ్ పరిశోధన పత్రిక ఆన్‌లైన్‌లో – పాఠం 5: పనిచేయని డీఓఐలు, చెదిరిన పేర్లు

పాత సంచికల స్కానింగు ఈ పాఠంలో మొదలుపెట్టాల్సింది. పోయిన పాఠం అభ్యాసం చేసి మీరు పంపిన లింకులు నొక్కి చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. చాలా లింకులు ‘ఈ డీఓఐ దొరకలేదు’ అనే పేజీ దగ్గరే ఆగిపోయాయి. (డీఓఐ అంటే వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, లింకుగా పనిచేస్తుంది.) వ్యాసం వెబ్‌సైటులో ఉంది, పీడీఎఫ్ మొదటి పేజీ మీద డీఓఐ ముచ్చటగా అచ్చయి ఉంది, నొక్కితే మాత్రం ఎక్కడికీ వెళ్లదు. ముందు దీని సంగతి తేలుద్దాం.

బిడ్డకు పేరు పెట్టడం వేరు, జనన నమోదు చేయించడం వేరు. నర్సులకు ఈ తేడా నేను చెప్పనక్కర్లేదు. మన పత్రికను ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేరు ఓజేఎస్‌లో డీఓఐ కేటాయించడం పేరు పెట్టడం లాంటిది. అది మీ సర్వరులోనే జరిగిపోతుంది, బయట ఎవరికీ తెలియదు. డీఓఐలను నమోదు చేసే సంస్థ అయిన క్రాస్‌రెఫ్‌కు దాన్ని పంపితేనే నమోదైనట్టు. అప్పుడు వ్యాసం వివరాలూ, అది ఉన్న వెబ్ చిరునామా కలిసి వెళ్తాయి. ఆ చిరునామా అక్కడికి చేరేదాకా లింకు నొక్కిన పాఠకుణ్ణి ఎక్కడికి పంపాలో ఎవరికీ తెలియదు.

ఓజేఎస్ 3.4 నుంచి ఈ పనికి డీఓఐల పేజీ విడిగా ఉంది. అక్కడ వ్యాసం పక్కన ‘అన్‌రిజిస్టర్డ్’ అని కనిపిస్తే సంఖ్య పుట్టింది గానీ నమోదు కాలేదని అర్థం. మీలో ఎక్కువమంది ఆగింది అక్కడే. వ్యాసాలను ఎంచుకుని నమోదుకు పంపండి, ‘రిజిస్టర్డ్’ అని వచ్చాక బ్రౌజరులో లింకు నొక్కి చూడండి. పీడీఎఫ్ మీద డీఓఐ చూసి సంతోషపడితే సరిపోదు.

కొందరికి పంపడం సాఫీగానే జరిగింది, అయినా లింకు తెరుచుకోలేదు. వాళ్లు క్రాస్‌రెఫ్ ప్లగిన్ సెట్టింగులు తెరిచి, వివరాలను పరీక్ష సర్వరుకు పంపమనే గడిలో టిక్కు ఉందేమో చూడండి. ఉంటే మీరు ఇన్నాళ్లూ పంపినదంతా పరీక్ష సర్వరుకే చేరింది. టిక్కు తీసేసి మళ్లీ పంపాలి, వేరే దారి లేదు.

కాలేజీ వెబ్‌సైటు చిరునామా మారిందని పాత వ్యాసాలన్నిటికీ కొత్త డీఓఐలు ఇచ్చినవారూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. చిరునామా మారినా పాత లింకు చెడకూడదనే కదా డీఓఐ పెట్టుకున్నది! అదే డీఓఐని కొత్త చిరునామాతో మళ్లీ పంపితే చాలు.

డీఓఐ తోకలో సంపుటి, సంచిక, పేజీ సంఖ్య గుచ్చడం తప్పేమీ కాదు గానీ నాకు నచ్చదు. చివరి నిమిషంలో వ్యాసం తర్వాతి సంచికకు జరిగితే పాత సంచిక సంఖ్య దానికి శాశ్వతంగా అంటుకుపోతుంది. ఓజేఎస్ తనంతట తాను ఇచ్చే అర్థంలేని అక్షరాలే నేను వాడతాను.

అచ్చు సంచిక ఐఎస్ఎస్ఎన్‌నే (పత్రికకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఆన్‌లైన్ గడిలోనూ పెట్టినవాళ్లు తీసేయండి. రెండు మాధ్యమాలకు రెండు సంఖ్యలు కావాలి. ఢిల్లీలోని జాతీయ ఐఎస్ఎస్ఎన్ కేంద్రానికి దరఖాస్తు పెట్టి, సంఖ్య వచ్చేదాకా ఆ గడిని ఖాళీగా వదలండి.

ఇప్పుడు నాకు నిజంగా విసుగు తెప్పించే విషయానికి వస్తాను.

రచయిత పేరుకు ఓజేఎస్‌లో రెండు ముఖ్యమైన గడులుంటాయి: ఒకటి సొంత పేరుకు, ఒకటి ఇంటిపేరుకు. మొదటిది తప్పనిసరి, రెండోది ఖాళీగా వదలవచ్చు. మీ అభ్యాసాల్లో మొదటి గడిలో ‘ప్రొఫెసర్ శ్రీమతి బి.’ అనీ, రెండో గడిలో ‘సునీత, ఎమ్మెస్సీ నర్సింగ్’ అనీ కనిపించింది. (పేరు నేను మార్చాను, ధోరణి మార్చలేదు.) అచ్చు పత్రికలో దీనివల్ల నష్టం లేదు. ఏది హోదానో, ఏది పేరో చదివేవారికి చూడగానే తెలుస్తుంది. కంప్యూటరుకు గడే ఆధారం. ఆ గడుల్లో ఉన్నది ఉన్నట్టుగా క్రాస్‌రెఫ్‌కు, అక్కడి నుంచి దాన్ని వాడుకునే ప్రతి సూచికకూ (వ్యాసాలను వెతికిపెట్టే జాబితాకూ) వెళ్తుంది. వైద్య పత్రికల్లో ఉటంకింపులు రాసే వాంకూవర్ పద్ధతిలో ఇంటిపేరు ముందు, మిగతావాటి పొడి అక్షరాలు తర్వాత వస్తాయి. అంటే ప్రొఫెసర్, శ్రీమతి అన్నవి కూడా ఆమె ఇనీషియల్స్ అయిపోతాయి, ఎమ్మెస్సీ ఆమె ఇంటిపేరులో కలిసిపోతుంది.

డిగ్రీలు తీసేశాక కూడా పని మిగిలే ఉంటుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, అదీ తరచుగా ఒక్క అక్షరమే. బండారు సునీత అనే నర్సు ఒక వ్యాసంలో ‘బి. సునీత’ అని రాస్తారు. టైపు చేసేవారు ‘బి.’ని మొదటి గడిలో, ‘సునీత’ను ఇంటిపేరు గడిలో వేస్తారు. రెండో వ్యాసంలో పూర్తి పేరు రాస్తే, ఎడమ నుంచి వరసగా ‘బండారు’ సొంత పేరవుతుంది. మూడోసారి తెలిసినవారెవరో సరిగ్గా వేస్తారు. నాలుగోది పెళ్లయ్యాక రాసింది, అక్షరమే మారింది. ఒక్క మనిషి పరిశోధన ముగ్గురు నలుగురి పేర్ల కింద చెదిరిపోతుంది. పదోన్నతికి వ్యాసాల లెక్క చూపించాల్సిన రోజున ఆమె సూచికలో వెతికితే సగం దొరకవు.

తమిళ సహోద్యోగి ‘ఆర్. కవిత’ సంగతి ఇంకోలా ఉంటుంది. అక్కడ ‘ఆర్’ తరచుగా తండ్రి పేరు పొడి అక్షరం, ఇంటిపేరు అసలు ఉండకపోవచ్చు. కేరళ నుంచి వచ్చినవారి పేరు చివర తండ్రి పేరో భర్త పేరో ఉండవచ్చు. ఊహించి వేయకండి, అడగండి. ఇంటిపేరు లేదంటే ఆ గడి ఖాళీగా వదలండి, చుక్కలూ గీతలూ పెట్టి నింపకండి. పేజీ మీద పేరు ఫలానా విధంగా కనిపించాలని రచయిత పట్టుబడితే దానికి మూడో గడి ఉంది, అక్కడ ఆయన ఇష్టం.

ఇన్ని తిప్పలకూ విరుగుడు రచయితను గుర్తించే ఆర్కిడ్ (ORCID) సంఖ్య. పదహారు స్థానాల సంఖ్య, రచయితకు ఉచితం. పేరు మారినా మనిషి ఒక్కరే అని అది చెబుతుంది. అయితే దాన్ని మీరు టైపు చేయకూడదు. ఓజేఎస్ నుంచి వెళ్లే మెయిలు ద్వారా రచయితే లాగిన్ అయి ధ్రువీకరించాలి. కొత్త వ్యాసాలు పంపేవారి దగ్గర నేను దీన్ని షరతుగానే పెడతాను. మొహమాటపడితే తర్వాత ఏడవాల్సి వస్తుంది.

శీర్షికల గురించి ఒక్క మాట. మన నర్సింగ్ వ్యాసాలు చాలావరకు ‘ఫలానా బోధనా కార్యక్రమం ప్రభావాన్ని అంచనా వేయడానికి ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో జరిపిన అధ్యయనం’ అనే మూసలోనే వస్తాయి. వెతుకుడు ఫలితాల్లో శీర్షిక తోక తెగిపోతుంది, అసలు విషయం ఉండేది ఆ తోకలోనే. ‘సిజేరియన్ తర్వాత తొలి గంటలో తల్లిపాలు’ అని ముందుపెట్టి, అధ్యయనం సంగతి వెనక్కి నెట్టమని రచయితలకు చెప్పండి. అచ్చయిపోయిన వ్యాసాల శీర్షికలను మాత్రం ముట్టుకోకండి, ఉన్నవి ఉన్నట్టే నమోదు చేయాలి.

అభ్యాసం. మీ పత్రిక పాత సంచిక ఒకటి తీసుకోండి, కనీసం ఐదేళ్ల కిందటిది. అందులోని ప్రతి రచయిత పేరునూ అచ్చులో ఉన్నట్టు ఒక గడిలో, ఓజేఎస్‌లో వేయబోతున్నట్టు మరో రెండు గడుల్లో పట్టికగా రాయండి. తర్వాత ప్రతి ఒక్కరికీ ఫోను చేసో మెయిలు రాసో సరిచూసుకోండి. బదిలీ అయినవారు, విదేశాలకు వెళ్లినవారు, రిటైరైనవారు ఉంటారు. వాళ్ల ఆచూకీ తీయడం కూడా అభ్యాసంలో భాగమే. డిగ్రీలు తీసేశారని ఎవరైనా అలిగితే, వాటిని రచయిత పరిచయం గడిలో వేస్తామని చెప్పండి. పట్టిక పూర్తయ్యేదాకా స్కానరు జోలికి వెళ్లకండి.