ప్రెయిరీ జెముళ్లను హెర్బేరియం కోసం కోసే ముందు

ఉత్తర అమెరికాలో ప్రెయిరీ అనే గడ్డి మైదానాల్లో మన నాగజెముడు చుట్టాలు నేలబారుగా పెరుగుతాయి. ఒపన్షియా పాలియకాంథా, ఒపన్షియా ఫ్రాజిలిస్ అలాంటివే. హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలను దాచే చోటు. దానికోసం కత్తి తీసే ముందు ఇవి చూసుకోండి.

– అనుమతి పత్రం వెంట ఉందా? ఎస్కొబేరియా వివిపారా అనే మరో జెముడు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్క. అక్కడ కనిపిస్తే ఫొటోతో సరిపెట్టుకోండి, దయచేసి.

– పెద్ద ముళ్ల కంటే వాటి మొదట్లో కుచ్చులా ఉండే నూగు ముళ్లతోనే అసలు బాధ. గ్లవ్స్‌లో దిగబడి తర్వాత చేతికి గుచ్చుకుంటాయి. పొడవాటి పట్టకారుతో పట్టుకోండి. ఆ చేత్తో కళ్లు నలుపుకోవద్దు.

– ఆకులా కనిపించే కాండాన్ని నిలువునా రెండుగా చీల్చి, లోపలి గుజ్జంతా చెంచాతో గీకేయాలి. ఈ పనిలో బద్ధకం వద్దు. గుజ్జుతోనే నొక్కితే, మొక్కల్ని నొక్కి ఎండబెట్టే ప్రెస్‌లో అది వారాల తరబడి బతికే ఉంటుంది, లేదా బూజు పడుతుంది. తడి పీల్చే బ్లాటింగ్ పేపర్ రోజూ మార్చండి.

– పువ్వు రంగు ఎండితే మారిపోతుంది. అక్కడికక్కడే రాసుకోండి. తేదీ, నేల రకం, ఒక్కో కుచ్చుకు ఎన్ని ముళ్లు అన్నదీ అప్పుడే రాయాలి.

– ఫ్రాజిలిస్ ముక్కలు ఇట్టే ఊడి బూట్లకు అంటుకుంటాయి, పడ్డచోట వేళ్లూనుతాయి. బయల్దేరే ముందు బూట్లు చూసుకోండి.

– అరుదైన మొక్క ఉన్న చోటు కచ్చితమైన జీపీఎస్ అంకెలు హెర్బేరియానికి మాత్రమే ఇవ్వండి. తవ్వి అమ్ముకునేవాళ్లు ఉన్నారు.