తుఫాను కాలానికి ముందే కాగితాలు, లెక్కలు క్లౌడ్‌లో దాచుకోవడం ఎలా

హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అక్టోబరు అంటే ఆకాశం వైపు చూసే నెల. ఇంట్లోకి నీళ్లొస్తే ముందు తడిసేది బీరువా కింది అర. పాసు పుస్తకాలు, దస్తావేజులు, పిల్లల మార్కుల జాబితాలు చాలా ఇళ్లలో ఉండేది అక్కడే. దుకాణంలోనైతే ముందు పోయేది నేల మీద పెట్టిన సీపీయూ. క్లౌడ్ వల్ల కలిగే మేళ్లలో మన ప్రాంతానికి అన్నిటికంటే పెద్దది ఇదే: అసలు కాగితం మన దగ్గర, దాని నకలు ఎక్కడో దూరాన డేటా సెంటర్‌లో. సెప్టెంబరులో రెండు మూడు సాయంత్రాలు కూర్చుంటే పని అయిపోతుంది.

ముందు ఖాతా సంగతి తేల్చుకోండి. గూగుల్ ఖాతాకు 15 జీబీ ఉచితం. మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్, ఆపిల్ ఐక్లౌడ్ 5 జీబీ చొప్పున ఇస్తాయి. గూగుల్ ఇచ్చే ఆ 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్ (ఫైళ్లు దాచుకునే చోటు), ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోకే వస్తుంది. ఫొటో 4 ఎంబీ అనుకుంటే 3,750 ఫొటోలతో ఖాతా నిండిపోతుంది. పెళ్లి వీడియోలు, గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మలు ఎక్కేసి దస్తావేజుకు చోటు లేకుండా పోవడం తరచూ జరిగేదే. అందుకే కాగితాలకు, లెక్కలకు విడిగా ఒక ఖాతా తెరవండి. తెరిచి వదిలేయకండి, రెండేళ్లు వాడని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు.

కాగితాలను ఫొటో తీయడం కాదు, స్కాన్ చేయాలి. డ్రైవ్ యాప్‌లో కెమెరా గుర్తు నొక్కితే అంచులు తనే కత్తిరించి పీడీఎఫ్ చేస్తుంది. పగటి వెలుతురులో, నీడ పడకుండా, ముదురు రంగు గుడ్డ మీద కాగితం పరిచి తీస్తే అంచులు సరిగ్గా పట్టుకుంటుంది. దస్తావేజులో వెనక వైపు ముద్రలు, సంతకాలు కూడా తీయాలి. ఫైలు పేరు ‘స్కాన్ 0012’ అని వదిలేస్తే రేపు వెతకలేరు. ‘దస్తావేజు, ఊరు పేరు, సర్వే నంబరు, సంవత్సరం’ అని పెట్టండి. స్కాన్ కాపీ అసలుకు సాటి రాదు. కానీ అసలు పోయినప్పుడు అందులోని డాక్యుమెంటు నంబరు, సంవత్సరం చూపించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ నంబరు తెలియకే జనం నెలల తరబడి తిరుగుతారు. డ్రైవింగ్ లైసెన్సు, ఆర్‌సీ (బండి రిజిస్ట్రేషన్ పత్రం) వంటివి కేంద్ర ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లోకి తెచ్చుకోండి. సంబంధిత శాఖ అందులోకి నేరుగా జారీ చేసిన పత్రం చట్టప్రకారం అసలుతో సమానం. మీరే స్కాన్ చేసి అందులో పెట్టుకున్నదానికి ఆ విలువ ఉండదు.

ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందో ముందే లెక్క వేసుకోండి. నెట్ వేగం బిట్లలో చెబుతారు, ఫైలు బైట్లలో ఉంటుంది. తేడా ఎనిమిది రెట్లు. అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ ఉంటే 15 జీబీకి మూడు గంటల ఇరవై నిమిషాలు. 2 ఎంబీపీఎస్ అయితే పదహారు గంటలు దాటుతుంది. తుఫాను హెచ్చరిక విన్నాక మొదలుపెడితే అందదు. స్క్రీన్ ఆరగానే అప్‌లోడ్ ఆగిపోతోందంటే చాలాసార్లు కారణం బ్యాటరీ సేవరే. డ్రైవ్ యాప్‌కు దాని నుంచి మినహాయింపు ఇచ్చి, ఫోను చార్జింగులో పెట్టి రాత్రంతా వదిలేయండి.

వ్యాపారానికి క్లౌడ్ దాచుకోవడంతో ఆగదు. కాశీబుగ్గలో జీడిపప్పు బట్టీ నడిపేవారు 80 కిలోల పిక్కల బస్తాలు ఎన్ని వచ్చాయి, ఎవరికి ఎంత బాకీ అన్నది గూగుల్ షీట్‌లో రాస్తే, గోదాములో గుమస్తా నింపింది ఇంటి దగ్గర యజమాని అప్పటికప్పుడే చూస్తారు. పొరపాటున అంకె మార్చినా ‘వర్షన్ హిస్టరీ’లో పాతది దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ముఖ్యం: షీటు యజమాని ఖాతాలో పుట్టాలి. గుమస్తా సొంత జీమెయిల్‌లో తెరిస్తే, అతను మానేసిన రోజున లెక్కలు అతని చేతిలో ఉంటాయి. గుమస్తాకు ‘ఎడిటర్’ (మార్చే) హక్కు, ఆడిటరుకు ‘వ్యూయర్’ (చూసే) హక్కు చాలు. లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చన్న ఎంపిక బాకీల షీటుకు ఎప్పుడూ పెట్టకండి.

లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ వాడేవారు దాని డేటా ఫోల్డరును నేరుగా డ్రైవ్ ఫోల్డరులో పెట్టకూడదు. ట్యాలీ ఫైలు రాస్తున్న క్షణంలోనే డ్రైవ్ దాన్ని కాపీ చేయబోతే కంపెనీ డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కి ‘బ్యాకప్’ తీసుకుని, ఆ ఫైలుకు తేదీ ఉన్న ఫోల్డరు పెట్టి ఎక్కించండి. పాతవి వెంటనే చెరిపేయకండి. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. బిల్లులు తడిసిపోయాయన్నది దానికి జవాబు కాదు.

ఎక్కువమంది మోసపోయేది సింక్ దగ్గర, అంటే ఫోనులో చేసిన మార్పు క్లౌడ్‌లోనూ జరిగిపోయే చోట. గూగుల్ ఫొటోస్‌లో ‘ఫోనులో చోటు లేదు’ అని ఫొటో చెరిపితే క్లౌడ్‌లోదీ పోతుంది. అక్కడ వాడాల్సింది ‘ఫ్రీ అప్ స్పేస్’. అది బ్యాకప్ అయినవాటిని ఫోనులో మాత్రమే తీస్తుంది. డ్రైవ్‌లో చెరిపింది ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. అందుకే ముఖ్యమైనవి క్లౌడ్‌తో పాటు ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంచండి.

తుఫాను తర్వాత కరెంటు, టవర్లు రోజుల తరబడి లేకపోతే క్లౌడ్‌లో ఉన్నది కళ్లకు కనపడదు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, పంట బీమా కాగితం వరకు ఫైలు పక్కన మూడు చుక్కలు నొక్కి ‘మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్’ చేయండి. నెట్ లేకున్నా తెరుచుకుంటాయి.

ఫోనే నీళ్లలో పోతే? పాస్‌వర్డ్ గుర్తున్నా ఓటీపీ వచ్చే సిమ్ ఉండదు. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ వంటి రెండో రుజువు అడిగే పద్ధతి) పెట్టుకున్నాక అడిగితే గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు, ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని రెండు కాగితాల మీద రాసి, ఒకటి ప్లాస్టిక్ కవరులో వేసి అటక మీద, ఇంకొకటి వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న కొడుకు, కూతురు దగ్గర ఉంచండి. వాట్సాప్‌లో మాత్రం పంపొద్దు.

చివరగా, సెప్టెంబరు ముగిసేలోగా ఇంకొకరి ఫోను తీసుకుని మీ ఖాతాతో లాగిన్ అవ్వండి. ఒక దస్తావేజు తెరిచి అన్ని పేజీలూ చదవగలుగుతున్నారా చూడండి. ట్యాలీ బ్యాకప్‌ను వేరే కంప్యూటరులో రీస్టోర్ చేసి నిన్నటి నిల్వ సరిపోయిందో చూడండి. సరిపోకపోతే ఆ బ్యాకప్‌ను మళ్లీ తీయండి. పని అయ్యాక ఆ ఫోనులో లాగౌట్ అవ్వడం మరవకండి.